గోరువెచ్చని నీళ్లు

ఆగస్టు 4, సోమవారం

పుట్టాయి. నేను వచ్చేసరికే మొదలైంది. తండ్రి సముద్రపు గుర్రం తోకని పైపుకి చుట్టుకుని, పొట్ట ముందుకి విసిరినప్పుడల్లా ఇరవై ముప్పై పిల్లలు. కనురెప్ప వెంట్రుకంత ఉన్నాయి ఒక్కోటి. మొత్తం నాలుగు వందల పన్నెండు. పన్నెండు పుట్టడమే నీరసంగా పుట్టి మధ్యాహ్నానికి పోయాయి. మిగతావి చెరి సగం చేశాం. ఎ తొట్టిలో రెండు వందలు, బి తొట్టిలో రెండు వందలు.

నేల తుడుస్తూ బుచ్చమ్మ ఆగిపోయింది. "మగది కంటదా మేడం?"

"ఆడది గుడ్లు దీని సంచిలో పెట్టి వెళ్లిపోతుంది. మోసేదీ కనేదీ ఇదే."

"మంచిగున్నది పని" అని, మళ్లీ తుడుచుకుంటూ పోయింది.

మా హాల్ బాధ్యత చూసే శ్రీలత మేడం మాత్రం నవ్వలేదు. "ప్రశాంతీ, ఇది మూడో బ్యాచ్. ఇరవై ఒక్క రోజులు చూద్దాం. ఎ కి, బి కి తేడా కనవడకపోతే నేను పైవాళ్లకు ఏం చెప్పలేను. పెద్దవాటిని తీరానికి వాపస్ పంపి, హాల్ ఖాళీ చేసుడే."

మొదటి బ్యాచ్ పద్నాలుగో రోజుకి, రెండోది పదహారో రోజుకి తుడిచిపెట్టుకుపోయాయి. పొట్టలు ఉబ్బి, నీటిపైకి తేలి, కిందకి దిగలేక. ఈసారి నీటి ఫిల్టర్లు మార్చాం, దాంతోపాటు ప్రోబయోటిక్ పొడి కూడా వాడదామన్నది నేనే. పెరుగులో ఉండే జాతి సూక్ష్మజీవులే. గోరువెచ్చని నీళ్లలో కొంచెం చక్కెర వేసి పొడిని నిద్రలేపడం, చల్లారాక అందులో ఆర్టీమియా అనే పిసరంత రొయ్య పిల్లల్ని నానబెట్టడం, వాటిని ఈ పిల్లలకి తినిపించడం. ఎ కి పొడి మేత, బి కి మామూలు మేత. తేడా రావాలి. వచ్చి తీరుతుంది.

డ్రాపర్ రెండుసార్లు చేతిలోంచి జారింది. నిన్న నిద్ర సరిగా లేదు.

ఆగస్టు 5

ఎవరూ పోలేదు. పేరుకే ప్రశాంతిని. తొట్టి దగ్గరనుంచి కదల్లేకపోయాను.

ఆగస్టు 7, గురువారం

ఎ లో 191, బి లో 193. ఇంత మామూలే.

చట్టం కాపాడే జీవులివి. అనుమతి కాగితం గోడకి అతికించి ఉంది. పోయిన ప్రతి పిల్లనీ చిన్న సీసాలో వేసి, తేదీ, తొట్టి రాసి దాచాలి. రిజిస్టర్‌లోనూ రాయాలి. తడి చేతులతో రాసే పుస్తకం కాబట్టి అంతా పెన్సిలే. సిరా అయితే మూడో రోజుకి సముద్రంలో కలిసిపోతుంది.

మా సముద్రం అంటే మాదాపూర్‌లో అద్దాల మేడ కింద, కార్ల పార్కింగ్ పక్క హాలు. బస్తాల్లో వచ్చే ఉప్పు కలుపుకున్న నీళ్లు. పై అంతస్తుల్లో కంప్యూటర్ల ముందు కూర్చున్న వేలమందికి కాళ్లకింద గుర్రాలున్నాయని తెలియదు.

పొడి కలిపే ఈ ప్యాంట్రీలో ఏసీ మరీ ఎక్కువ. గోరువెచ్చని నీళ్లకి కూడా ఆవిరి కనిపిస్తుంది. టీ మాత్రం ఎవరూ వేడిగా ఇవ్వరు. గ్లాసు పట్టుకుంటే చల్లగా ఉందని గబుక్కున తాగాను, నాలుక కాలింది. ఏం టీయో.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతమని లాబీ నిండా పట్టుచీరలు. బుచ్చమ్మ చేతులకి మోచేతుల దాకా పసుపు. ఆ చేతులతోనే తొట్టి అద్దాలు తుడిచింది. పసుపు సూక్ష్మజీవుల్ని చంపుతుంది కదా. గుర్తుపెట్టుకున్నాను.

ఎ లో ఈ ఒక్కరోజే పంతొమ్మిది పోయాయి.

ఆగస్టు 11, సోమవారం

ఎ లో 131, బి లో 168.

తలకిందులు. పొడి తిన్నవి ఎక్కువ పోతున్నాయి, తిననివి తక్కువ. ఇది జరగకూడదు. పొడి తేదీ చూశాను, బాగానే ఉంది. ఫ్రిజ్ నాలుగు డిగ్రీలే చూపిస్తోంది. ఆర్టీమియా చురుగ్గానే ఈదుతోంది. నీళ్లు నేనే రోజూ వేలు పెట్టి చూసి కలుపుతున్నాను. అమ్మ నలభై ఏళ్లు పాలలో వేలు ముంచి తోడు పెట్టింది, ఒక్కరోజు కూడా పెరుగు చెడలేదు. నాకు వేరే పరికరం ఎందుకు?

మరి ఇంకేం మారింది? ఎ తొట్టి తలుపు పక్కన ఉంది. తలుపు పక్కన బకెట్ పెట్టేది బుచ్చమ్మ. ఆ బకెట్లో వాసన వచ్చింది. ఫినాయిల్ వాసన. వచ్చిందనే అనుకుంటున్నాను.

అడిగాను. "ఇక్కడ ఫినాయిల్ వాడొద్దని చెప్పానా లేదా?"

"నేనెందుకేస్త మేడం? గీ రూంల ఒట్టి నీళ్లతోనే తుడుస్తున్న. బకిట్ల మూతి పెట్టి సూడున్రి."

"మరి పిల్లలెందుకు పోతున్నాయి?"

"నాకేమెరుక మేడం. నేను సదువుకున్నదాన్నా?"

ఆ మాట నాకు పొగరుగా వినిపించింది. హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ రాకేష్‌కి మెయిల్ పెట్టాను. ఫినాయిల్ వాడినట్టు అనుమానం అని మొదట రాశాను. తర్వాత అనుమానం అన్న మాట తీసేశాను, మెయిల్ గట్టిగా ఉండాలి కదా.

ఆగస్టు 12

రాకేష్ వచ్చాడు. "ఆమెను ఫుడ్‌కోర్టుల ప్లేట్లు కడిగే కాడ ఏసిన మేడం. ఇగ మీకు పరేషానుండదు."

ఆవిడకి మోకాళ్ల నొప్పి, అక్కడ రోజంతా నిలబడాలి. అయినా నేను పంపమన్నది హాల్లోంచి, ఫుడ్‌కోర్టుకి అని నేను అనలేదు.

బుచ్చమ్మ స్టీలు డబ్బా ప్యాంట్రీ అల్మారాలో ఉండిపోయింది.

ఆగస్టు 13

కొత్తమ్మాయి నేల సరిగా తుడవలేదు, జిగటగా ఉంది. ఎ లో పదిహేడు పోయాయి. బుచ్చమ్మ లేకుండానే.

ఆగస్టు 14, గురువారం

ఎ లో 96, బి లో 159.

కాకినాడ దగ్గర హేచరీలో పనిచేసిన రోజులు గుర్తొస్తున్నాయి. ఒకే వారంలో మూడు తొట్ల రొయ్య పిల్లలు పోయాయి. నా తప్పు ఉందని ఎవరూ రుజువు చేయలేదు. యజమాని మాత్రం అందరి ముందూ, "ఆవిడ హస్తవాసి మంచిది కాదండి, మేత వెయ్యనివ్వకండి" అన్నాడు. డాక్టర్‌కి హస్తవాసి అంటారు, మొక్క నాటేవాళ్లకి అంటారు. హేచరీలో అయితే మేత వేసే చేతికి అంటారు. ఎమ్మెస్సీ జువాలజీ చదివినదాన్ని, అలాంటివి నమ్మను. నమ్మకపోయినా ఆ ఊళ్లో మళ్లీ ఎవరూ నన్ను తొట్టి దగ్గరికి రానివ్వలేదు. నలభై ఒకటో ఏట చందానగర్‌లో ఒంటిగది అద్దెకి తీసుకుని, మొదటినుంచి మొదలుపెట్టాను. ఇంకోసారి మొదలుపెట్టే ఓపిక నాకు లేదు.

సాయంత్రం అందరూ వెళ్లాక తొట్లు కొంచెం సర్దాను. బి లో ఇరుకుగా ఉంది. నలభై పిల్లల్ని ఎ లోకి మార్చాను. హేచరీల్లో ఇది రోజూ చేసే పనే.

ఇప్పుడు ఎ లో 136, బి లో 119.

రిజిస్టర్‌లో నాలుగు పేజీలు మళ్లీ రాశాను. సీసాల మీద తొట్టి పేర్లు కూడా. పోయినవాటి మొత్తం మొత్తమే, ఒక్కటి కూడా దాచలేదు. ఏది ఏ తొట్టిది అన్నదే మారింది. రబ్బరు అరిగి సగమైంది.

ఆగస్టు 15

సెలవు. వెళ్లాను. మేత సెలవు తీసుకోదు కదా.

ఆగస్టు 16

తొట్లు సర్దడం మామూలే. రెండుసార్లు రాసుకోనక్కర్లేదు.

ఆగస్టు 18, సోమవారం

ఎ లో 109, బి లో 112. మార్చినవి కూడా పోతున్నాయి. బి లో ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఎ లోకి వచ్చి నాలుగు రోజుల్లో పొట్టలు ఉబ్బించుకుంటున్నాయి. నేనే తీసుకెళ్లి అక్కడ పడేశాను వాటిని.

శ్రీలత మేడం రిజిస్టర్ తిరగేశారు. ఆవిడ లెక్కలన్నీ చూసి నా భుజం తట్టారు. "మొదటి పది రోజులు ఎ మంచిగ నిలవడ్డది. ఇప్పుడెందుకో తగ్గుతుంది గానీ, తేడా అయితే ఉంది. పైవాళ్లకు పంపుతున్నా. నీ చెయ్యి మంచిది ప్రశాంతీ."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఎన్నాళ్లనుంచి ఆ మాట కోసం ఎదురుచూశాను! వచ్చేసరికి అరచేతిలో నిప్పులా ఉంది.

పెట్రీ గిన్నె పగిలింది. వేళ్లలో తిమ్మిరి. ఫోన్ ఎక్కువ పట్టుకోవడం వల్లే.

ఆగస్టు 19, మంగళవారం

లాబీలో ఉచిత ఆరోగ్య శిబిరం. బీపీ, షుగర్, కళ్లు. శ్రీలత మేడం నన్ను కూడా రమ్మన్నారు. పని ఉందన్నాను. ఉంది కూడా. అమ్మకి షుగర్ ఉండేది, కాలి వేలు తీసేశారు. తను తీపి బాగా తినేది. నేను అంత తినను.

బుచ్చమ్మ డబ్బా ఇంకా అక్కడే ఉంది. అల్మారా తెరిచినప్పుడల్లా అదే ముందు కనిపిస్తుంది. పంపించెయ్యొచ్చు. ఎవరితో, ఏమని?

ఆగస్టు 20, బుధవారం

ఎ లో 98, బి లో 110.

పొద్దున ప్యాంట్రీలో పొడికి నీళ్లు కలుపుతున్నాను. మిషన్ వేడినీళ్లు సగం పైన, చల్లనీళ్లు కొంచెం. వేలు ముంచి చూస్తున్నాను. సరిపోయింది అనుకుంటుండగా వెనకనుంచి గొంతు.

"నా డబ్బ కోసం వచ్చిన మేడం."

బుచ్చమ్మ. చేతులు నాని ముడతలు పడ్డాయి. నేను ఏదో ఒకటి అనాలి కాబట్టి, "మోకాళ్లెలా ఉన్నాయి?" అన్నాను. ఆవిడ నా చేతిలో మగ్గువైపే చూస్తోంది.

"గదేంది, పొగలొస్తున్నయి. అండ్ల ఏలు గట్లనే పెట్టినవేంది?"

"గోరువెచ్చగానే ఉన్నాయి. ఏసీకి అలా కనిపిస్తుంది."

బుచ్చమ్మ దగ్గరికొచ్చి తన వేలు ముంచింది. ముంచడం, విదిలించడం ఒకేసారి జరిగాయి. "అవ్వో! సలసల కాలుతున్నయి మేడం! ఏది, నీ ఏలు సూపియ్యి."

చూపించాను. కణుపు దాకా ఎర్రగా కందిపోయింది. నాకేమీ అనిపించలేదు. ఆవిడ గోటితో నొక్కింది. అప్పుడూ ఏమీ అనిపించలేదు.

"గిది దేనికి?"

"పొడికి. పెరుగు తోడులాంటిదే, అందులో ప్రాణమున్న..."

"ఇంత కాలే నీళ్లల్ల తోడేస్తె ఇంకేం తోడు? సచ్చి ఊరుకుంటది." డబ్బా తీసుకుంది. గుమ్మం దాకా పోయి తిరిగింది. "నేను ఫినాయిలెయ్యలే మేడం. దేవుని తోడు."

ఆవిడ వెళ్లాక ఎంతసేపు అక్కడే నిలబడ్డానో తెలియదు. నీళ్లు చల్లారిపోయాయి. అవి చల్లారాయని కూడా చూస్తేనే తెలిసింది.

ఆగస్టు 21, గురువారం

పెద్ద తొట్టి థర్మామీటర్ తెచ్చి, రోజూలాగే నీళ్లు కలిపి, రోజూలాగే వేలు పెట్టి, సరిపోయింది అనిపించిన చోట ఆపి చూశాను.

అరవై నాలుగు.

మూడుసార్లు చేశాను. అరవై నాలుగు, అరవై ఒకటి, అరవై ఆరు. నలభై దాటకూడదు.

ఇక్కడైనా నిజం రాయాలి. మేత నీళ్ల కోసం వేరే గాజు థర్మామీటర్ ఉండేది. జూన్‌లో నా చేతిలోంచి జారి పగిలింది. ఆ రోజు చేతిలో ఉందో లేదో కూడా తెలియలేదు. ఎవరికీ చెప్పలేదు. కొత్తది అడిగితే పాతది ఏమైందంటారు, ఎలా పగిలిందంటారు. వేలు ఉందిగా అనుకున్నాను.

పదిహేడు రోజులు చచ్చిన పొడి వేశాను. దానితోపాటు వెళ్లిన చక్కెర నీళ్లు తొట్టిలో చెడ్డ సూక్ష్మజీవులకి విందు పెట్టాయి. మేలు చేసే చెయ్యి అనుకున్నదే వాటిని చంపింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ఫినాయిల్ అన్నాను, పసుపన్నాను, బకెట్టన్నాను. వాసన వచ్చిందని రాశాను. రాలేదు. ఏ రోజూ రాలేదు.

వేళ్లలో తిమ్మిరి ఫోన్ వల్ల కాదు. అమ్మకీ ఇలాగే మొదలైంది. నాకు తెలుసు. ఎప్పటినుంచో తెలుసు.

భయంగా ఉంది. చాలా భయంగా ఉంది.

ఆగస్టు 22, శుక్రవారం

చెప్పేశాను. పొద్దున శ్రీలత మేడం బ్యాగ్ కింద పెట్టకముందే మొదలుపెట్టాను, లేకపోతే చెప్పేదాన్ని కాదు. నీళ్ల సంగతి, పగిలిన థర్మామీటర్, నలభై పిల్లల్ని మార్చడం, రబ్బరు, బుచ్చమ్మ మీద పెట్టిన మెయిల్. అన్నీ.

ఆవిడ బి తొట్టి ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"నీళ్లు తప్పు కలిపినవ్, అది నేను మాఫ్ చేస్తా. ఎవరికైనా అయితది. రబ్బరు ఎట్ల మాఫ్ చెయ్యాలె? సోమవారం నాడు నీ లెక్కలు నమ్మి పైకి పంపిన. నా సంతకం ఉన్నది దాని మీద."

"తెలుసండి."

"ఏం తెల్సు? నాకిప్పుడు ఒక్క బ్యాచ్ కాదు, మూడు బ్యాచ్‌ల లెక్కలు నమ్మబుద్ధి అయితలేదు."

మొదటి రెండూ నిజమేనండి అన్నాను. నా గొంతు నాకే నమ్మదగ్గట్టు లేదు.

రిజిస్టర్ తీసుకుని సొరుగులో పెట్టి తాళం వేశారు. పైవాళ్లకి నా ముందే ఫోన్ చేసి, పంపిన లెక్కలు తప్పు, చెత్తబుట్టలో వెయ్యండి అని చెప్పారు. నా పేరు మాత్రం చెప్పలేదు. ఫోన్ పెట్టేసి, "ఇగ పోలిక లేదు, పరీక్ష లేదు. ఉన్న పిల్లలనన్న బతికియ్యాలె. రెండు తొట్లకూ మంచి పొడి ఎయ్యి. నెలాఖరు దాకా ఉండు, తర్వాత సంగతి తర్వాత. కొత్త థర్మామీటర్‌కు నేను రాస్తా" అన్నారు.

"ఎప్పుడొస్తుందండి?"

"పర్చేజ్ వాళ్లు. బుధవారమో, గురువారమో. అందాక పెద్ద తొట్టిది వాడు."

నేను పెద్ద తొట్టి థర్మామీటర్ వాడొచ్చు. కానీ ముందు చెయ్యాల్సిన పని ఇంకోటి ఉంది. మధ్యాహ్నం ఫుడ్‌కోర్టుకి వెళ్లాను. రాకేష్‌ని కూడా రమ్మన్నాను. అతని ముందు, ప్లేట్లు కడిగే మిగతా ఆడవాళ్ల ముందు చెప్పాను. బుచ్చమ్మ ఫినాయిల్ వాడలేదు, నేను అబద్ధం రాశాను అని. రాకేష్ మొహం అటు తిప్పుకున్నాడు. బుచ్చమ్మ చేతిలో ప్లేటు కడగడం పూర్తిచేసి, పక్కన బోర్లించి, అప్పుడు నన్ను చూసింది.

"పది మందిల నన్ను బద్నాం చేసినవ్. గది మర్సిపోను."

"మర్చిపోవద్దు."

"ఎంతమంది బతికిన్రు?"

పిల్లల గురించి. "రెండు వందల రెండు" అన్నాను.

చేతులు కొంగుకి తుడుచుకుంది. "రేపు పొద్దుగాల నేనొస్త. నీళ్లు నాకు సూపియ్యి, ఆ యంత్రానికి కాదు."

ఆగస్టు 23, శనివారం

బుచ్చమ్మ వేలు ముంచి, "ఇంక జర సల్లనీళ్లు పొయ్యి" అంది. పోశాను. "ఆఁ, గిట్లుండాలె. సంటిపిల్లకు పోసే నీళ్ల లెక్క." థర్మామీటర్ పెట్టి చూశాను. ముప్పై ఎనిమిది. ఆవిడ ఎంతుందని అడగలేదు.

ఆగస్టు 25, సోమవారం

ఇరవై ఒకటో రోజు. ఎ లో 86, బి లో 108. నిన్నా ఇవాళా కలిపి పోయినవి రెండు.

పొడి వల్లే నిలబడ్డాయని రాయాలని ఎంత ఉందో. రాయడానికి లేదు. పోల్చడానికి పొడి తినని తొట్టి లేదు, దాన్ని పాడుచేసింది నేనే. శ్రీలత మేడం ఇంకో బ్యాచ్ అడిగారు, పైవాళ్లు ఇంకా ఏమీ తేల్చలేదు. తండ్రి గుర్రం పొట్ట మళ్లీ నిండుతోంది. దానికి మా సంగతులేం పట్టవు.

ఆగస్టు 28, గురువారం

ఇవాళ పోయినవి: సున్నా. శ్రీలత మేడం రాశారు, పెన్నుతో.

కొత్త థర్మామీటర్ వచ్చింది. బుచ్చమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టింది. తర్వాత, "రేపు నాతోని దవాఖానకు రా. మా బస్తీలనే ఉంది. పైసలు తీస్కోరు" అంది.

పిల్లల్ని వదిలి ఎలా రానన్నాను.

"పిల్లలు మంచిగున్నరు. నువ్వే మంచిగ లేవు."

ఆగస్టు 29, శుక్రవారం

ఎ లో 84, బి లో 108. ఇవాళ కూడా సున్నా. నూట తొంభై రెండు పిల్లలు, ఇరవై ఐదు రోజులు. తోకలు ఒకదానికొకటి చుట్టుకుని వేలాడుతున్నాయి. పొట్టలు మామూలుగా ఉన్నాయి.

దవాఖానకి వెళ్లాం. బెంచీ మీద వరుసలో కూర్చున్నంతసేపూ లేచి వెళ్లిపోవడానికి సాకులు వెతికాను. ఒకసారి లేచాను కూడా. బుచ్చమ్మ నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది. మా వంతు వచ్చింది. నర్సు చిన్నపిల్ల, ఇరవై రెండేళ్లుంటాయేమో.

"ఏ వేలు మేడం?"

"ఏదైనా ఒకటే" అన్నాను.

బుచ్చమ్మ నా పక్కన నిలబడి మణికట్టు పట్టుకుంది. "జర దమ్ము పట్టు బిడ్డా, చీమ కుట్టినట్టుంటది" అంది. నేను కళ్లు మూసుకుని చీమ కోసం ఎదురుచూశాను. రాలేదు. ఇంకా గుచ్చలేదేమో అనుకుని కళ్లు తెరిచాను. వేలి చివర రక్తపు బొట్టు ఉంది, నర్సు దాన్ని అద్దుతోంది.

సూది గుచ్చింది నా వేలికి. ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కుంది బుచ్చమ్మ.

షుగర్ మూడు వందల నలభై రెండు. పెన్నుతోనే రాస్తున్నాను.